కువైట్‌కు గాలిలో 5 గంటలు.. గడప నుంచి 18 గంటలు

మెట్ట ప్రాంత ప్రయాణికులు తెలుసుకోవాల్సిన దూరాలు, వేళలు

ఉదయగిరి, ఆత్మకూరు: కువైట్ ఎంత దూరమని జిల్లా పడమటి మండలాల్లో ఎవరిని అడిగినా 'అయిదు గంటల ప్రయాణం' అన్న సమాధానమే వస్తుంది. ఆ మాట నిజమే గానీ అది చెన్నై విమానాశ్రయం నుంచి కువైట్ విమానాశ్రయానికి పట్టే సమయం మాత్రమే. ఉదయగిరి, సీతారామపురం, వరికుంటపాడు, మర్రిపాడు, అనంతసాగరం వంటి మండలాల్లోని పల్లె నుంచి బయలుదేరే వ్యక్తికి ఇంటి గడప దాటింది మొదలు కువైట్‌లో బయట అడుగు పెట్టే వరకు దాదాపు 18 గంటలు పడుతుంది. ఈ తేడాను ముందుగా లెక్క వేసుకోని వారు విమానం అందుకోలేకపోతే అప్పు చేసి కొన్న టిక్కెట్టు సొమ్ము, కొన్నిసార్లు వీసా గడువు కూడా కోల్పోవాల్సి వస్తుంది.

వర్షాధార సేద్యంపై, బోరు బావులపై ఆధారపడిన మెట్ట ప్రాంతం నుంచి ఉపాధి కోసం గల్ఫ్ దేశాలకు వెళ్లడం కొత్త కాదు. పొరుగున ఉన్న కడప జిల్లా మాదిరిగానే ఇక్కడి నుంచి వెళ్లే వారిలోనూ ఎక్కువ మంది గమ్యం కువైట్. ఇంటి పని, వంట, డ్రైవింగ్, భవన నిర్మాణం వంటి పనుల కోసం వెళ్లే వారు, వారి కోసం ఎదురుచూసే కుటుంబాలు తెలుసుకోవాల్సిన దూరాలు, వేళల వివరాలు ఇవి.

ఆకాశ మార్గంలో దూరం ఎంత?

చెన్నై, కువైట్ విమానాశ్రయాల మధ్య దూరం సుమారు 3,775 కిలోమీటర్లు. ఇది భూగోళంపై రెండు చోట్లనూ కలిపే అతి దగ్గరి దారి కొలత. చెన్నైలో పైకి లేచిన విమానం వాయవ్య దిశగా సాగి, రాయలసీమ, కర్ణాటకల మీదుగా పడమటి తీరం దాటి అరేబియా సముద్రం మీదకు చేరుతుంది. అక్కడి నుంచి గల్ఫ్ జలాల మీదుగా కువైట్ చేరుకుంటుంది. గగనతల నియంత్రణ కేంద్రాలు సూచించే మార్గాన్ని బట్టి విమానం వాస్తవంగా తిరిగే దూరం ఇంతకంటే కొంత ఎక్కువ ఉంటుంది.

ఇందులో ఒక విచిత్రం ఉంది. పటం మీద కొలిస్తే ఉదయగిరి నుంచి కువైట్‌కు దూరం సుమారు 3,585 కిలోమీటర్లే. అంటే చెన్నై కంటే ఉదయగిరే కువైట్‌కు 190 కిలోమీటర్లు దగ్గర. అయినా ఇక్కడి ప్రయాణికుడు ముందు రోడ్డు మీద 300 కిలోమీటర్లు ఆగ్నేయంగా వెళ్లి, ఆ తర్వాత విమానంలో వాయవ్యంగా మళ్లాల్సి వస్తోంది.

చెన్నై నుంచి గల్ఫ్‌లోని ఇతర ముఖ్య విమానాశ్రయాలకు దూరాలు, నేరుగా వెళ్లే విమానానికి పట్టే సమయం సుమారుగా ఇలా ఉన్నాయి.

మస్కట్: 2,590 కి.మీ., 4 గంటల లోపు
దుబాయ్: 2,930 కి.మీ., 4 గంటల 15 నిమిషాలు
దోహా: 3,290 కి.మీ., 4 గంటల 40 నిమిషాలు
బహ్రెయిన్: 3,415 కి.మీ., 4 గంటల 45 నిమిషాలు
రియాద్: 3,750 కి.మీ., 5 గంటల పైచిలుకు
కువైట్: 3,775 కి.మీ., 5 గంటలు
జెడ్డా: 4,445 కి.మీ., 6 గంటలు

హైదరాబాద్ నుంచి కువైట్‌కు సుమారు 3,370 కి.మీ., బెంగళూరు నుంచి 3,545 కి.మీ. ఉంటుంది. ఆకాశంలో చూస్తే హైదరాబాద్ 400 కిలోమీటర్లు దగ్గరే. దానివల్ల విమానంలో కలిసివచ్చేది సుమారు అరగంట మాత్రమే. ఉదయగిరి నుంచి శంషాబాద్ చేరాలంటే చెన్నై కంటే వంద కిలోమీటర్లు అదనంగా రోడ్డు మీద తిరగాలి. టిక్కెట్ ధరలో గణనీయమైన తేడా ఉంటే తప్ప ఈ ప్రాంతం వారికి చెన్నైయే అనుకూలం.

వెళ్లేటప్పుడు ఎక్కువ, వచ్చేటప్పుడు తక్కువ

దూరం ఒక్కటే అయినా వెళ్లే సమయం, తిరిగి వచ్చే సమయం ఒకటి కావు. ఈ మార్గంలో తిరిగే విమానాలు సాధారణంగా గంటకు 830 నుంచి 850 కిలోమీటర్ల వేగంతో ప్రయాణిస్తాయి. ఆ లెక్కన 3,775 కిలోమీటర్లకు నాలుగున్నర గంటలు సరిపోవాలి. అయితే రన్‌వే వరకు నడిచే సమయం, పైకి లేచేటప్పుడు, కిందికి దిగేటప్పుడు తగ్గే వేగం, మార్గంలోని వంపులు కలిపితే అయిదు గంటలవుతుంది. టిక్కెట్టు మీద కనిపించేది విమానం నిలిచిన చోటు నుంచి కదిలి, తిరిగి నిలిచే వరకు పట్టే మొత్తం సమయం.

దీనికి గాలి తోడవుతుంది. శీతాకాలంలో ఉత్తర భారతం, గల్ఫ్ ప్రాంతాలపై చాలా ఎత్తులో పడమటి నుంచి తూర్పుకు బలమైన గాలులు వీస్తాయి. కువైట్ వెళ్లే విమానానికి ఇవి ఎదురు గాలులు, అక్కడి నుంచి వచ్చే విమానానికి వెనుక గాలులు. అందువల్లే తిరుగు ప్రయాణం నాలుగున్నర నుంచి నాలుగు ముప్పావు గంటల్లో ముగుస్తుంది. నైరుతి రుతుపవనాల కాలంలో ఆ గాలులు హిమాలయాలకు ఉత్తరంగా జరుగుతాయి. అదే సమయంలో దక్షిణ భారతం మీద బాగా ఎత్తులో తూర్పు నుంచి గాలులు వీస్తాయి. కాబట్టి జూన్ నుంచి సెప్టెంబరు వరకు రెండు ప్రయాణాల మధ్య తేడా తగ్గుతుంది.

గడియారంతో తికమక

భారత కాలమానం కంటే కువైట్ కాలమానం రెండున్నర గంటలు వెనుక ఉంటుంది. ఇక్కడ ఉదయం 10 గంటలైతే అక్కడ 7.30. సౌదీ అరేబియా, ఖతార్, బహ్రెయిన్‌లకు కూడా ఇదే తేడా. దుబాయ్, మస్కట్‌లు మాత్రం గంటన్నర వెనుక ఉంటాయి.

టిక్కెట్టు మీద బయలుదేరే వేళను బయలుదేరే ఊరి కాలమానంలో, చేరే వేళను చేరే ఊరి కాలమానంలో ముద్రిస్తారు. దీన్ని గమనించకపోవడం వల్లే 'రెండున్నర గంటల్లో వెళ్లాడు, రావడానికి మాత్రం ఏడు గంటలు పట్టింది' అన్న అభిప్రాయం కలుగుతుంది. ఉదాహరణకు చెన్నైలో వేకువన 5 గంటలకు బయలుదేరిన విమానం అయిదు గంటలు ప్రయాణిస్తే, దిగే సమయానికి మన గడియారంలో 10 గంటలు, కువైట్ గడియారంలో 7.30 అవుతుంది. కువైట్‌లో రాత్రి 10 గంటలకు బయలుదేరిన విమానం చెన్నైలో దిగేది మరునాడు వేకువన 5.15 ప్రాంతంలో. గడియారం చూస్తే ఏడుంపావు గంటలు, వాస్తవంగా ప్రయాణం నాలుగు ముప్పావు గంటలే.

తూర్పుకు వెళ్లే వారికి ఇది తలకిందులవుతుంది. సింగపూర్, మలేషియాలు మనకంటే రెండున్నర గంటలు ముందు ఉంటాయి. చెన్నై నుంచి సింగపూర్‌కు సుమారు 2,925 కిలోమీటర్లు, నాలుగు గంటల పైచిలుకు ప్రయాణం. అటు వెళ్లేటప్పుడు గడియారంలో ఆరున్నర, ఏడు గంటలు గడిచినట్లు కనిపిస్తుంది.

ఫోన్ చేసే కుటుంబ సభ్యులకూ ఈ లెక్క అవసరం. ఇక్కడ పిల్లలు బడికి వెళ్లే ముందు ఉదయం 8 గంటలకు ఫోన్ చేస్తే అక్కడ 5.30. ఇక్కడ రాత్రి భోజనాలయ్యాక 9.30కి చేస్తే అక్కడ సాయంత్రం 7 గంటలు. కువైట్‌లో శుక్ర, శనివారాలు సెలవు దినాలు అయినా ఇళ్లలో పనిచేసే వారికి ఆ రోజుల్లోనే అతిథుల తాకిడితో పని పెరగవచ్చు. వీలైన వేళను వారినే అడిగి తెలుసుకోవడం మంచిది.

నేల మీదే ఎక్కువ సమయం

ఉదయగిరి నుంచి నెల్లూరుకు సుమారు 100 కిలోమీటర్లు, ఆత్మకూరు నుంచి సంగం, బుచ్చిరెడ్డిపాళెం మీదుగా సుమారు 60 కిలోమీటర్లు ఉంటుంది. నెల్లూరు నుంచి గూడూరు, నాయుడుపేట, సూళ్లూరుపేట, తడ మీదుగా చెన్నై నగరం 175 కిలోమీటర్లు. విమానాశ్రయం నగరానికి దక్షిణాన మీనంబాక్కం, తిరుశూలం వద్ద ఉన్నందున మరో 20 కిలోమీటర్లు కలపాలి. మొత్తం మీద ఉదయగిరి నుంచి దాదాపు 300, ఆత్మకూరు నుంచి 255 కిలోమీటర్ల రోడ్డు ప్రయాణం తప్పదు. కారులో వెళ్లినా దారిలో ఆగే సమయం, చెన్నై రద్దీ కలిపి ఉదయగిరి వారు ఏడు గంటలు లెక్క వేసుకోవాలి. నగరంలోకి వెళ్లకుండా, మీంజూరు నుంచి వండలూరు వరకు ఉన్న ఔటర్ రింగు రోడ్డు మీదుగా వెళితే రద్దీ వేళల్లో కొంత సమయం కలిసివస్తుంది.

బస్సులో వెళ్లే వారు ఆంధ్రప్రదేశ్ బస్సులు 2018 నుంచి ఉత్తర చెన్నైలోని మాధవరం బస్ టెర్మినల్ నుంచి నడుస్తున్న విషయం గమనించాలి. అక్కడి నుంచి విమానాశ్రయానికి నగరమంతా దాటాలి. నెల్లూరు నుంచి రైలులో చెన్నై సెంట్రల్‌లో దిగిన వారికి విమానాశ్రయం వరకు మెట్రో రైలు సౌకర్యం ఉంది. సామాను ఎక్కువ లేని వారికి ఇది సులభం, చౌక. అయితే మెట్రో రాత్రంతా నడవదు. గల్ఫ్ విమానాల్లో చాలా వరకు అర్ధరాత్రి, వేకువ వేళల్లో ఉంటాయి కాబట్టి ముందే చేరుకునేలా చూసుకోవాలి. విదేశీ ప్రయాణికుల రాకపోకలు టెర్మినల్ 2 నుంచి జరుగుతాయి. దీని కొత్త భవనం 2023 ఏప్రిల్ 8న ప్రారంభమైంది.

జిల్లాలోని దగదర్తి వద్ద విమానాశ్రయానికి 2019 జనవరిలో శంకుస్థాపన జరిగినా ప్రయాణికుల కోరిక ఇంకా నెరవేరలేదు. వింజమూరు, ఆత్మకూరు, రాపూరు, వెంకటగిరి మీదుగా సాగే 309 కిలోమీటర్ల నడికుడి-శ్రీకాళహస్తి రైలు మార్గం పూర్తిగా అందుబాటులోకి వస్తే మెట్ట ప్రాంతం నుంచి చెన్నై వైపు ప్రయాణ భారం కొంత తగ్గే అవకాశం ఉంది.

అసలు చిక్కు తేదీతోనే

అర్ధరాత్రి దాటాక బయలుదేరే విమానాల విషయంలో ప్రయాణికులు ఎక్కువగా పొరబడేది తేదీ దగ్గరే. టిక్కెట్టు మీద '15వ తేదీ, 01.30' అని ఉంటే అది 14వ తేదీ రాత్రి గడిచాక వచ్చే ఒంటిగంటన్నర. 15వ తేదీ ఉదయం ఇంట్లో పూజ చేసుకుని, మధ్యాహ్నం బయలుదేరే వారు చెన్నై చేరేసరికి విమానం కువైట్ చేరి చాలా గంటలు గడిచి ఉంటుంది. కాబట్టి వేళను వెనుక నుంచి ముందుకు లెక్కించుకోవాలి.

విమానం బయలుదేరేది: 15వ తేదీ రాత్రి 1.30
చెక్-ఇన్ కౌంటర్ మూసివేత: సాధారణంగా గంట ముందు, అంటే 12.30
విమానాశ్రయానికి చేరవలసింది: 14వ తేదీ రాత్రి 9.30
ఉదయగిరిలో బయలుదేరవలసింది: 14వ తేదీ మధ్యాహ్నం 2.00
కువైట్‌లో దిగేది: 15వ తేదీ, మన వేళ 6.30, అక్కడి వేళ 4.00
తనిఖీలు ముగిసి బయటకు వచ్చేది: మన వేళ 8.00, అక్కడి వేళ 5.30

మధ్యాహ్నం 2 గంటల నుంచి మరునాడు ఉదయం 8 గంటల వరకు 18 గంటలు. మొత్తం దూరంలో రోడ్డు వాటా నూటికి ఏడు పాళ్లే అయినా, సమయంలో విమానం కంటే రోడ్డుదే పెద్ద వాటా. ఆత్మకూరు వారు గంట ఆలస్యంగా బయలుదేరవచ్చు. వర్షాకాలంలో, పండుగల ముందు రోజుల్లో మరో గంట అదనంగా ఉంచుకోవడం క్షేమం.

కువైట్‌లో ఎదురు రావలసిన వారికి విమానం నంబరుతో పాటు ఏ సంస్థ విమానమో కూడా చెప్పాలి. కువైట్ ఎయిర్‌వేస్ విమానాలకు టెర్మినల్ 4, జజీరా ఎయిర్‌వేస్‌కు టెర్మినల్ 5 ఉన్నాయి. కఫీల్ ఒక చోట, ప్రయాణికుడు మరో చోట ఎదురుచూసే పరిస్థితి దీనివల్ల తప్పుతుంది.

మధ్యలో దిగి మారే విమానాలు

నేరుగా వెళ్లే విమానం కంటే దుబాయ్, దోహా, మస్కట్, కొలంబో వంటి చోట్ల మారే విమానాల టిక్కెట్లు కొన్నిసార్లు చౌకగా దొరుకుతాయి. అయితే అయిదు గంటల ప్రయాణం 10 నుంచి 20 గంటల వరకు సాగవచ్చు. మొదటిసారి వెళ్లేవారు, చదువు రానివారు వీలైనంత వరకు నేరుగా వెళ్లే విమానాన్నే ఎంచుకోవాలి. మారక తప్పకపోతే రెండు విమానాలూ ఒకే టిక్కెట్టు మీద ఉన్నాయా, సామాను నేరుగా కువైట్‌కు చేరుతుందా అన్నది ముందే తెలుసుకోవాలి. విడివిడిగా రెండు టిక్కెట్లు కొంటే మొదటి విమానం ఆలస్యమై రెండోది అందకపోయినా నష్టం ప్రయాణికుడిదే.

సమయానికి చేరినా ఎక్కలేని సందర్భాలు

పదో తరగతి పూర్తి చేయని వారి పాస్‌పోర్టులు సాధారణంగా ఈసీఆర్ కోవలోకి వస్తాయి. ఇటువంటి వారు ఉపాధి కోసం కువైట్‌తో సహా 18 దేశాలకు వెళ్లాలంటే ఈ-మైగ్రేట్ విధానంలో ముందుగా వలస అనుమతి పొందాలి. ఈ కోవలోని మహిళలకు కనీస వయస్సు 30 ఏళ్లు. పర్యాటక వీసాపై పంపి అక్కడ పనిలో చేర్పిస్తామనే వారి మాటలు నమ్మితే చెన్నైలో ఇమిగ్రేషన్ అధికారుల వద్దే ప్రయాణం ఆగిపోవచ్చు, లేదా అక్కడ చట్టపరమైన రక్షణ లేకుండా చిక్కుకోవచ్చు. అనుమతితో వెళ్లేవారికి ప్రవాసీ భారతీయ బీమా యోజన కింద ప్రమాదవశాత్తు మరణించినా, శాశ్వత వైకల్యం కలిగినా 10 లక్షల రూపాయల బీమా వర్తిస్తుంది. ప్రీమియం రెండేళ్లకు 275, మూడేళ్లకు 375 రూపాయలు.

అయిదు గంటలు పదిహేను రోజులైన వేళ

ఆకాశ మార్గం తెరిచి ఉన్నంత వరకే ఈ లెక్కలన్నీ. 1990 ఆగస్టు 2న ఇరాక్ సేనలు కువైట్‌ను ఆక్రమించినప్పుడు అక్కడి విమానాశ్రయం మూతపడింది. భారతీయులు బస్రా, బాగ్దాద్‌ల మీదుగా వెయ్యి కిలోమీటర్లకు పైగా రోడ్డు మార్గంలో ప్రయాణించి జోర్డాన్ రాజధాని అమ్మాన్ చేరుకోవలసి వచ్చింది. అక్కడి నుంచి ఎయిర్ ఇండియా 59 రోజుల్లో 488 విమానాలు నడిపి లక్షకు పైగా ప్రజలను ముంబయికి చేర్చింది.

కరోనా కాలంలో మరో రకం కష్టం ఎదురైంది. 2020 మార్చిలో అంతర్జాతీయ విమానాలు నిలిచిపోగా, మే 7 నుంచి వందే భారత్ మిషన్ కింద ప్రత్యేక విమానాలు మొదలయ్యాయి. సెలవుపై స్వగ్రామాలకు వచ్చిన వారు తిరిగి వెళ్లడానికి మాత్రం ఏడాదికి పైగా ఇక్కట్లు పడ్డారు. 2020 ఆగస్టు నుంచి భారత్ నుంచి నేరుగా వచ్చేవారిని కువైట్ అనుమతించకపోవడంతో, దుబాయ్ వంటి చోట్ల 14 రోజులు గడిపి వెళ్లాల్సి వచ్చింది. అయిదు గంటల దారి పదిహేను రోజులైంది. గది అద్దె, భోజనం, పరీక్షల ఖర్చు నెలల జీతాన్ని మింగివేసింది. 2025 జూన్ 23 రాత్రి పశ్చిమాసియాలో ఉద్రిక్తతల కారణంగా కువైట్, ఖతార్, బహ్రెయిన్, యూఏఈలు తమ గగనతలాన్ని కొన్ని గంటల పాటు మూసివేశాయి. అటువైపు బయలుదేరిన విమానాలు కొన్ని వెనుదిరిగాయి. ఇంటి నుంచి బయలుదేరే ముందు విమానం నడుస్తోందో లేదో సరిచూసుకోవలసిన అవసరాన్ని ఈ అనుభవాలు చెబుతున్నాయి.

ఆపద వేళ ఎంత త్వరగా రావచ్చు?

ఇంట్లో పెద్దలు కన్నుమూసినప్పుడు 'కొడుకు వచ్చే వరకు ఉంచాలా, వద్దా' అన్న ప్రశ్న మెట్ట ప్రాంతంలో చాలా గడపలకు ఎదురైంది. ఆత్మకూరు శాసనసభ్యుడు, మంత్రి మేకపాటి గౌతమ్‌రెడ్డి 2022 ఫిబ్రవరి 21న హైదరాబాద్‌లో మరణించినప్పుడు, అమెరికాలో ఉన్న కుమారుడు చేరుకున్న తర్వాత 23న ఉదయగిరిలో అంత్యక్రియలు జరిగాయి. కువైట్ అమెరికా కంటే ఎంతో దగ్గర అయినా అక్కడి కూలీకి రాక అంత సులభం కాదు.

కబురు అందిన వెంటనే టిక్కెట్టు దొరికి, పాస్‌పోర్టు చేతిలో ఉంటే కువైట్ నుంచి ఉదయగిరికి 18 నుంచి 24 గంటల్లో రావచ్చు. ఆలస్యమయ్యేది అనుమతి దగ్గరే. ప్రైవేటు సంస్థల్లో పనిచేసే 18వ నంబరు వీసాదారులు, అంటే షూన్ వీసా వారు, 2025 జూలై 1 నుంచి దేశం విడిచి వెళ్లాలంటే యజమాని ద్వారా నిష్క్రమణ అనుమతి పొందాలి. ఇళ్లలో పనిచేసే వారికి ఈ నిబంధన లేకపోయినా యజమాని సమ్మతి లేకుండా కదలడం కష్టమే. కాబట్టి సమాచారం ఇచ్చే కుటుంబ సభ్యులు ఆ విషయం యజమానికీ తెలిసేలా చూడాలి.

అక్కడే మరణించిన వారి విషయంలో ఎదురుచూపులు మరింత ఎక్కువ. మరణ ధ్రువీకరణ, పోలీసు అనుమతులు, భారత రాయబార కార్యాలయం పత్రాలు పూర్తయ్యాకే భౌతిక కాయాన్ని విమానం ఎక్కిస్తారు. దీనికి రోజులు, కొన్నిసార్లు వారాలు పడుతుంది. 2024 జూన్ 12న కువైట్‌లోని మంగాఫ్ అగ్నిప్రమాదంలో మరణించిన 45 మంది భారతీయుల భౌతిక కాయాలను వాయుసేన విమానం రెండు రోజుల్లోనే, జూన్ 14న, కొచ్చికి చేర్చింది. అది ప్రభుత్వం ప్రత్యేకంగా కదిలిన సందర్భం. మామూలు రోజుల్లో బాధితులు విదేశాంగ శాఖ మదద్ పోర్టల్ ద్వారా, రాష్ట్ర ప్రవాసాంధ్రుల సంస్థ ఏపీఎన్‌ఆర్‌టీఎస్ ద్వారా సాయం కోరవచ్చు. విమానాశ్రయం నుంచి స్వగ్రామానికి ఉచిత అంబులెన్స్ సదుపాయాన్ని కూడా ఈ సంస్థ సమకూరుస్తోంది.

బయలుదేరే ముందు

టిక్కెట్టు మీద తేదీని, వేళను చదువు వచ్చిన మరొకరితో సరిచూపించుకోవాలి. అర్ధరాత్రి విమానమైతే ముందు రోజు పగలే బయలుదేరాలి. పాస్‌పోర్టు, వీసా, టిక్కెట్టు నకళ్లు ఒక జత ఇంట్లో ఉంచాలి. విమానం నంబరు, కువైట్‌లో చేరే వేళ, యజమాని ఫోన్ నంబరు ఇంట్లో గోడ మీద రాసి పెట్టుకోవాలి. చెన్నై నుంచి కువైట్‌కు ఉన్న 3,775 కిలోమీటర్లను దాటించే బాధ్యత విమానానిది. మొదటి 300 కిలోమీటర్లను వేళకు దాటడం మాత్రం ప్రయాణికుడి చేతుల్లోనే ఉంది.